కడిగిన మట్ట

పొలుసు పురుగు ఏ జాతిదో తేల్చాలంటే ఆడదాన్నే చూడాలి. మగదాంతో పని జరగదు. దానికి రెక్కలుంటాయి గానీ నోరుండదు. పుట్టి, ఎగిరి, పెళ్ళి చేసుకుని, ముద్ద ముట్టకుండానే చచ్చిపోతుంది. ఆడదానికి నోరే గానీ రెక్కల్లేవు, కాళ్ళు లేవు. ఎక్కడ మూతి గుచ్చిందో అక్కడే, తన మీద తనే తెల్లటి పొలుసొకటి కప్పుకుని, చెట్టు రసం పీలుస్తూ చచ్చేదాకా కూర్చుంటుంది. ఊళ్ళో కొందరు పెద్దమనుషుల్ని ఎరిగినవాళ్ళకి ఈ పురుగు గురించి వేరే చెప్పక్కర్లేదు.

పసిఫిక్ సముద్రంలోని మా రోటా దీవిలో ఈ విద్య నేర్చింది ప్లాసిడా ఒక్కతే. వ్యవసాయ ఆఫీసు వెనకగదిలో ఆమెకో మైక్రోస్కోపు, చిన్న పొయ్యి, కొన్ని సీసాలు ఉన్నాయి. ఆమె ఉద్యోగమల్లా ఒకే ఒక్క పురుగు దీవిలోకి రాకుండా కాపలా కాయడం, వస్తే వెంటనే కనిపెట్టడం. థాయిలాండ్‌లో పుట్టి, ఎవరో తోటలో ముచ్చటగా పెంచుకుందామని తెచ్చుకున్న మొక్కలెక్కి, పక్కనున్న గువామ్ దీవి చేరి, అక్కడి ఫడాంగ్ చెట్లని అడవికి అడవే నాకేసిన పురుగది. ప్లాసిడా చదువుకున్నది గువామ్‌లోనే, ఆ చెట్లు చస్తున్న రోజుల్లోనే. రోడ్డుకి రెండువైపులా సున్నం కొట్టినట్టు తెల్లగా నిలబడ్డ చెట్లని చూసి, మా దీవికి ఈ గతి పట్టనివ్వనని మొక్కుకుంది. గువామ్‌లో విమానమెక్కి నడుం వాల్చేలోపు రోటా వచ్చేస్తుంది. మనిషికే అంత దగ్గరైతే పురుగుకెంత, అని ఆమె భయం.

ఫడాంగ్ చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈతకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కాయ నిండా విషం. ఆ కాయని పగలగొట్టి, నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, విషం దించి, ఎండబెట్టి, పిండి కొట్టి రొట్టెలు చేసుకు తిన్న జనం మావాళ్ళు. బాగున్న రోజుల్లో దాని మొహం ఎవరూ చూడరు. యుద్ధకాలంలో జపాన్ సైనికులు దుంపలన్నీ తవ్వుకుపోయి, బయటినుంచి ఏ ఓడా రాక దీవి దీవంతా పస్తులున్నప్పుడు మాత్రం, కాపాడింది ఫడాంగే.

అలా బతికి బట్టకట్టినవాళ్ళలో టున్ బెనిగ్నో ఒకడు. టున్ అంటే మా దగ్గర పెద్దవాళ్ళ పేరు ముందు చేర్చే గౌరవం. ప్లాసిడాకి సొంత మేనమామ. కొండ మీద ఆయన ఇంటి వెనక, సముద్రం వైపు కొండ తెగిపోయే అంచుదాకా ఫడాంగ్ తోపు. ఆ కరువులో వాళ్ళమ్మకి పాలెండిపోతే ఆ తోపు పిండితో కాచిన జావే చంటిపిల్లని సాకింది. ఆ చంటిపిల్ల ప్లాసిడా తల్లి. చెట్లు లేకపోతే మీ అమ్మ లేదు, మీ అమ్మ లేకపోతే నువ్వెక్కడున్నావే అని ఆయన ఏ పండక్కీ అనకుండా ఉండడు. భార్య పోయి, పిల్లలు లేక, ఆయనకి మిగిలింది ఆ తోపూ, ఈ మేనకోడలూ.

ఆ జనవరిలో ఆయన ఫోను చేసి, తోపులో అక్కడక్కడా ఆకు అడుగున తెల్లటి పొడిలాంటిది కనబడుతోందని చెప్పాడు. ప్లాసిడా కుర్చీలోంచి లేచింది. ఇప్పుడే వస్తున్నానంది. నీకెందుకమ్మా కొండెక్కే శ్రమ, ఆకు నేనే తెస్తానన్నాడాయన. ఆమె ఒక్క క్షణం తటపటాయించి సరేనంది. పెద్దవాడు తన చేత్తో ఇస్తానన్నదాన్ని, వద్దు నేనే వచ్చి కోసుకుంటాననడం మా దీవిలో మొహం మీద కొట్టడంతో సమానం. నీ చెయ్యి మీద నాకు నమ్మకం లేదని చెప్పినట్టే. చదువు ఎంత చదివినా పెంపకం పెంపకమే కదా.

ఆయన చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఫీసు బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు చెయ్యి చాచాడు. ప్లాసిడా ఆ చెయ్యందుకుని ముక్కుకి తాకించుకుంది. పెద్దవాళ్ళకి మేం పెట్టే దండం అదే. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మట్టని ఆయన రెండు చేతులా అందించాడు. పొడుగాటి పచ్చని మట్ట, అప్పుడే వాన వెలిసినట్టు తళతళలాడుతోంది. అడుగున ఈనె పక్కన వెతగ్గా వెతగ్గా కొన్ని తెల్లటి పొలుసులు కనిపించాయి. సూదితో పొలుసు లేపితే కింద ఆడపురుగు, గసగసాల గింజంత, పసుప్పచ్చగా ఉంది.

పసుపు రంగు చూసి సగం ఊపిరి పీల్చుకుంది ప్లాసిడా. గువామ్‌ని తిన్నది నారింజ రంగుది. మా దీవిలో పూర్వంనుంచీ ఉన్న పాత తెల్లపొలుసు పురుగు పసుపుది; చెట్టుకి ఒళ్ళు దురద పుట్టిస్తుంది గానీ ప్రాణం తియ్యదు. అయినా రంగు చూసి మాటివ్వకూడదని ఆమె మాస్టారు గువామ్‌లో వందసార్లు చెప్పాడు. అందుకని పురుగుని క్షారం కలిపిన నీళ్ళలో వేసి వెచ్చబెట్టింది. లోపలున్న కండా కొవ్వూ కరిగాక సూదిమొనతో నొక్కి బయటికి తోసేసింది. ఖాళీ చర్మం మిగిలింది. దానికి గులాబీ రంగు పట్టించి, లవంగ నూనెలో ముంచి, గాజుపలక మీద జిగురులో పరిచి, పైన ఇంకో గాజు కప్పింది. ఆ నూనె వాసనకి ఆఫీసు బండి నడిపే ఫెర్మిన్ తలుపులోంచి తొంగిచూసి, క్రిస్మస్ వెళ్ళిపోయాక లవంగాలు గుచ్చి పందితొడ హామ్ వండుతున్నావా అని వెక్కిరించాడు.

మర్నాడు మైక్రోస్కోపు కింద అది స్పష్టంగా కనిపించింది. థాయిలాండ్ దానికైతే ముందుభాగం భుజాలు ఉబ్బినట్టు వెడల్పుగా ఉండి, వెనక్కి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. దీనికలా లేదు, ఒళ్ళంతా కుదురుగా ఉంది. తోక చివరి నొక్కులు చూసింది, వాటి పక్క ముళ్ళు చూసింది, పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చూసింది. అంత చక్కటి స్లైడు ఆమె చేత్తో అంతకుముందెప్పుడూ చెయ్యలేదు. ఫెర్మిన్‌ని పిలిచి మరీ చూపించింది. వాడికి అదేమిటో తెలియకపోయినా, అందంగా ఉందే అన్నాడు.

"పాతదే మామయ్యా," అంది ఫోనులో. "ఏం భయం లేదు. హాయిగా నిద్రపోండి."

ఆయన అవతల శిలువ గుర్తు వేసుకోవడం ఆమెకి కనిపించినట్టే అనిపించింది. ఆ సాయంత్రం ఇంటికి బుట్టెడు చేపలు పంపించాడు. పొలుసు గీకి, పొట్ట కోసి, కడిగి, అరిటాకులో చుట్టి పంపించాడు.

ఈస్టర్ వెళ్ళాక ఒక పొద్దున ఫెర్మిన్ ఆఫీసుకి వస్తూనే, మీ మామయ్య కొండ మీద మంచు పడిందా ఏమిటి, తెల్లగా ఉంది అన్నాడు. వాడి జన్మలో మంచు సినిమాల్లో తప్ప చూసింది లేదు. నవ్వుతూ అన్నవాడు ప్లాసిడా మొహం చూసి నవ్వాపేశాడు. ఇద్దరూ బండెక్కారు.

తోపు మధ్యభాగమంతా తెలుపే. మట్టల అడుగున, పైన, మట్టల మొదళ్ళలో, కాండం మీద, సందులేకుండా ముద్దలు ముద్దలుగా పట్టింది. కొన్ని చెట్లు అప్పటికే కింది మట్టలు వాల్చేశాయి. చెయ్యి తగిలితే చేతికి పిండిలా అంటుతోంది. ప్లాసిడా జేబులో భూతద్దం తీసి, గోరుతో ఒక పొలుసు లేపింది. నారింజ రంగు. ఇంకోటి లేపింది. అదీ అంతే. మోకాళ్ళ మీద కూర్చుని చెట్టు మొదట్లో చేతుల్తోనే మట్టి తోడింది. వేళ్ళకి కూడా తెల్లటి గింజలు పట్టుకుని ఉన్నాయి. ఆమె అలాగే కూర్చుండిపోయింది. స్లైడు చెయ్యకుండా ఏదీ అనకూడదని నేర్చుకున్న మనిషి, స్లైడు అక్కర్లేదని అప్పుడే తెలుసుకుంది.

టున్ బెనిగ్నో బాల్చీ పట్టుకుని ఎదురొచ్చాడు. ఇంట్లోకి రండి, కొబ్బరినీళ్ళు తాగండి అన్నాడు. మొహంలో కంగారేం లేదు.

"ఎక్కువైందిగానీ, మంచిదేగా తల్లీ? ప్రాణం తియ్యదన్నావుగా."

ప్లాసిడా లేచి నిలబడింది. జనవరిలో తెచ్చిన మట్ట ఏ చెట్టుదని అడిగింది. ఆయన ఇంటి గుమ్మం పక్కనున్న చెట్టు చూపించాడు. ఆయన భార్య నాటిన చెట్టది. తోపుకి ఎడంగా ఒంటరిగా, పచ్చగా, మచ్చలేకుండా ఉంది.

"అన్నిట్లోకీ అదే బాగుంటుందని అక్కడ కోశాను," అన్నాడు ఆయన సంబరంగా. "నువ్వు ముట్టుకునేదాయె. సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి తెచ్చాను. ఈ తోపు లోపలివి తెల్లగా, జిడ్డుగా, ఛీ, వాటిని మనిషి చేతిలో ఎలా పెడతాం?"

మావాళ్ళంతా ఇంతే. ఇచ్చేదేదైనా ఉన్నవాటిలో మంచిది ఏరి, శుభ్రం చేసి ఇస్తారు. మట్టి అంటిన దుంప చుట్టాలింటికి పంపినవాడు మా దీవిలో ఇంకా పుట్టలేదు. ప్లాసిడా పక్కన నిలబడ్డ ఫెర్మిన్‌కి కూడా అర్థమైపోయింది. వాడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె ఏదో చెప్పబోయి, స్లైడు చేసి చూస్తానని మాత్రం అంది. ఆయన ఇచ్చిన కొబ్బరినీళ్ళు తాగింది. ఎలా మింగిందో ఆమెకే తెలియదు.

గువామ్‌లో మాస్టారుకి ఫోను చేసి చెప్పింది. ఆయన, జనవరిలోనే పట్టుకునుంటే పట్టిన చెట్లని నరికి, అక్కడికక్కడే కాల్చేసి, చుట్టూ పెంకుపురుగులు వదిలితే మిగతా తోపు దక్కేదేమో అన్నాడు. ఇప్పుడూ పంపిస్తానన్నాడు. గువామ్‌లో పెంచుతున్న చిన్న నల్లటి పెంకుపురుగులవి, పొలుసు పురుగుల్ని తింటాయి. అయితే అవి చెట్టెక్కుతాయి గానీ మట్టిలోకి దిగవు. వేళ్ళదాకా పాకిందంటున్నావుగా, అని ఊరుకున్నాడు. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది, ఇప్పుడు గొడ్డలికీ పోదు. చివర్లో, నీ కంట ఎలా తప్పిపోయింది ప్లాసిడా, అని అడిగాడు.

ఆమె ఫోను పెట్టేసి జనవరి నాటి స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. దాన్లో తప్పేమీ లేదు. పాత తెల్లపొలుసు పురుగే, నూటికి నూరుపాళ్ళూ అదే. ఆమె చూసింది సరిగ్గానే చూసింది, చెప్పింది సరిగ్గానే చెప్పింది. తప్పు మట్టలో ఉంది, మట్ట కోసిన చేతిలో ఉంది, కడిగిన సబ్బునీళ్ళలో ఉంది. ఆ చెయ్యి కాదనలేక సరేనన్న తన నోట్లో కూడా ఉందని ఆమె తనని తాను తిట్టుకుంది. ఎవరైనా అడిగితే ఈ గాజుపలక చూపించి తప్పుకోవచ్చు. కానీ దీన్ని చూపించడమంటే, ముసలాయన్ని వేలెత్తి చూపించడమే.

ఫెర్మిన్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. నోట్లో నువ్వుగింజ నానని వాడు ఆ రోజు మాత్రం తలుపు మూసి మాట్లాడాడు. ముసలాయనకి నిజం చెప్పెయ్యమన్నాడు. ఎవరి నోటో వినేకంటే నీ నోట వినడం నయమన్నాడు.

"ఆయన్ని వాళ్ళమ్మ ఆ చెట్లతో బతికించుకుంది," అంది ప్లాసిడా. "ఇప్పుడు నీ చేత్తో నువ్వే వాటిని చంపుకున్నావని చెప్పమంటావా? ఏడు పదులు దాటిన మనిషికి?"

"మరి ఏం చెబుతావ్?"

"నాకు కళ్ళు సరిగ్గా కనపడలేదని చెబుతా."

ఫెర్మిన్ ఆమె వంక చూసి, ఈ దీవిలో నీకున్నదల్లా ఆ కళ్ళే కదే అన్నాడు. ఆమె స్లైడు తీసి పెట్టెలో పెట్టేసింది.

ఆ సాయంత్రం వెళ్ళి మేనమామకి చెప్పింది. ఇది థాయిలాండ్ పురుగేననీ, జనవరిలో తన కంటికి తేడా తెలియలేదనీ, తప్పు తనదేననీ చెప్పింది. చెప్పే ముందు నేలకేసి చూసింది, చెప్పాక కూడా నేలకేసే చూసింది. టున్ బెనిగ్నో చాలాసేపు తోపు వైపు చూశాడు. కోప్పడితే బాగుండుననుకుంది. ఆయన కోప్పడలేదు. దగ్గరికొచ్చి ఆమె గడ్డం పట్టుకుని, కళ్ళలోకి పరకాయించి చూసి, రాత్రింబవళ్ళు ఆ గొట్టంలోకి చూస్తే కళ్ళు ఏం కావాలి అన్నాడు. ప్లాసిడా అక్కడ ఏడవలేదు. ఇంటికెళ్ళి ఏడ్చింది.

తర్వాత ఊరు తన పని తాను చేసింది. మేనమామ తోపునే కనిపెట్టలేనిది ఇంకేం కాపలా కాస్తుందన్నారు. ఒక పెళ్ళి భోజనాల దగ్గర వడ్డించే ఆవిడ, ఇది కోడికూరో చేపకూరో ప్లాసిడాని మాత్రం అడక్కండర్రా అంది. బల్ల చుట్టూ నవ్వారు. ప్లాసిడా కూడా నవ్వింది. ఆఫీసులో పైవాళ్ళు ఇకమీదట ఏ నమూనా అయినా గువామ్ పంపి సరిచూపించుకోవాలన్నారు. ఫెర్మిన్ ఆ నవ్వుల మధ్యనుంచి రెండుమూడుసార్లు లేచి వెళ్ళిపోయాడు గానీ నోరు విప్పలేదు. అందుకు ప్లాసిడా వాడికి జన్మంతా రుణపడి ఉంటుంది.

గువామ్‌నుంచి పెంకుపురుగులు వచ్చాయి. తోపులో వదిలారు. తిన్నాయి, పిల్లల్ని పెట్టాయి, మళ్ళీ తిన్నాయి. ఆకుల మీద ఎంత తింటే, కిందనుంచి అంతకంత పాకివచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. టున్ బెనిగ్నో వాటిని నమ్ముకోలేదు. పొద్దున్నే బాల్చీడు సబ్బునీళ్ళూ, పళ్ళు తోముకునే బ్రష్షూ పట్టుకుని తోపులోకి వెళ్ళేవాడు. ఒక్కో మట్టనీ ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లకి స్నానం చేయించినట్టు ఆకు ఆకూ రుద్దేవాడు. ఒక చెట్టు పూర్తయ్యేసరికి ముందు రోజు కడిగిన చెట్టు మళ్ళీ తెల్లబడేది. ప్లాసిడా ఆదివారాలు వెళ్ళి ఆయన పక్కన కూర్చుని తనూ రుద్దేది. దండగని తెలుసు. తెలిసి తెలిసీ రుద్దేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన వాళ్ళమ్మ కబుర్లు చెప్పేవాడు. విషం దిగిందో లేదో చూడ్డానికి వాళ్ళమ్మ నానబెట్టిన నీళ్ళని ముందు కోడికి పోసేదట. కోడి చచ్చిపోతే ఆ పూట కోడికూర, బతికితే రొట్టె. ఆ మాట చెప్పి ఆయన నవ్వేవాడు, ఆమె నవ్వలేకపోయేది.

వానలు మొదలయ్యేసరికి మట్టలు ఎర్రబారి రాలాయి. వానలు తగ్గేసరికి మోళ్ళు మిగిలాయి. ఆ మోళ్ళు కూడా లోపల కుళ్ళి, గాలికి ఒకటొకటే కూలాయి. గుమ్మం పక్క చెట్టు, ఆ జనవరి మట్ట ఇచ్చిన చెట్టు, అదీ చచ్చింది. ఒంటరిగా ఉన్నదాన్ని వదుల్తుందనుకోవడం మన పిచ్చి. తోపు తోపంతా పోయి ఒక్కటే మిగిలింది. అది దూరంగా, సముద్రం మీదికి వంగినట్టున్న రాతి అంచున ఉంది. ఉప్పుగాలి తగిలే చోటు కాబట్టో ఏమో, అది ఇంకా పచ్చగానే ఉంది. దాని మీద ఆశ పెట్టుకోవడానికి ప్లాసిడాకి భయం వేసింది. కానీ పెట్టుకుంది. మొదట్లోనే తెలిస్తే ఒక్క చెట్టుని కాపాడటం అయ్యే పనే. చుట్టూ మట్టి తోడి, వేళ్ళకి మందు పోసి, కాండానికి నూనె పట్టించి, పెంకుపురుగులన్నీ దానికే అప్పజెప్పొచ్చు. అయితే దానికి ఏమైనా పట్టిందా లేదా అన్నది ముందు తెలియాలి. ఆ అంచుకి ఆయన ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. అక్కడ మా అమ్మ కాయలేరేది, కాళ్ళ మట్టితో ఎవరూ వెళ్ళొద్దనేవాడు. నేనే ఆకు తెస్తానులే తల్లీ, అన్నాడు మళ్ళీ.

ఒక మధ్యాహ్నం చర్చి చొక్కా వేసుకుని వచ్చాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. ప్లాసిడా చెయ్యందుకుని ముక్కుకి తాకించుకుంది. ఆయన మనిషి సగమయ్యాడు. ఆ చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా ఉంది. జేబులోంచి చిన్న సీసా తీశాడు. ఊళ్ళో చెట్ల మందులిచ్చే ముసలామె దగ్గరికెళ్ళి, మేనకోడలి కళ్ళ సంగతి చెప్పి, ఆకుపసరు నూరించి పట్టించుకొచ్చాడట. దానికోసం ఆవిడ చెప్పిన ఆకు తెల్లవారకముందే వెళ్ళి కోసుకొచ్చాడట.

"కళ్ళు పైకెత్తు," అన్నాడు.

ఆమె ఎత్తింది. చెరో కంట్లో చుక్క వేశాడు. భగ్గుమని మండాయి. నీళ్ళు కారుతుంటే ఆయన తన రుమాలుతో తుడిచి, ఇక స్పష్టంగా కనపడుతుంది చూడు అన్నాడు. అప్పుడు తడిగుడ్డ విప్పి, రెండు చేతులా మట్ట అందించాడు. పచ్చని మట్ట, తళతళలాడుతోంది. సబ్బు వాసన ఇంకా పోలేదు.

ప్లాసిడా దాన్ని పట్టుకుని నిలబడిపోయింది. చూడకుండానే తెలుసు, దాని మీద ఏమీ ఉండదు. ఏమీ లేదు మామయ్యా అనొచ్చు. అది నిజమే అవుతుంది, ఎందుకూ పనికిరాని నిజం. ఆయన సంతోషంగా ఇంటికెళ్ళి నిద్రపోతాడు. తను మొదటిసారి చెప్పిన అబద్ధం ఆయన్ని కాపాడలేదు, మళ్ళీ అదే కుళాయి దగ్గరికి తెచ్చి నిలబెట్టిందని ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ చెట్టు కావాలంటే ఈ చెయ్యిని కాదనక తప్పదు.

"మామయ్యా," అంది మెల్లిగా. "ఆకు కడక్కుండా తేవాలి."

"కడక్కుండానా? మురికిది నీ చేతికెలా ఇస్తానే?"

"కడిగితే పురుగు పోతుంది. నేను చూడాల్సింది అదే కదా. పట్టినచోటునుంచి తెచ్చి, అలాగే..." అని ఆగిపోయింది. అప్పటికే ఎక్కువ మాట్లాడేసింది.

టున్ బెనిగ్నో మట్ట వంక చూశాడు. మైక్రోస్కోపు వంక చూశాడు. పక్కనున్న కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు. బయట ఫెర్మిన్ బండి తుడుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"జనవరిలో కూడా కడిగానుగా," అన్నాడు.

ప్లాసిడా కాదనాలి. అప్పుడు వేరు, ఇప్పుడు వేరు అనాలి. ఏదో ఒకటి అల్లాలి. కళ్ళు మండుతున్నాయి, నోరు పెగల్లేదు.

"అయితే నీ కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడాయన.

ఆ మాటలో నింద లేదు. నింద ఉంటే ఆమె తట్టుకునేదేమో. ఆయన పసరు సీసాకి బిరడా బిగించి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తడిగుడ్డని మడత మీద మడత పెట్టాడు. ఇంటికి దిగబెడతానని ఫెర్మిన్ వస్తే చేత్తోనే వద్దన్నాడు. వెళుతూ ప్లాసిడాకి చెయ్యి ఇవ్వలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని వెళ్ళాడు.

మర్నాడు ఆఫీసు తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చర్చి చొక్కా లేదు, పొలం చొక్కా. మోకాళ్ళదాకా మట్టి. కుళాయి వైపు వెళ్ళలేదు. తిన్నగా వెనకగదిలోకి వచ్చి, ఆమె తెల్లటి బల్ల మీద ఒక వేరు పెట్టాడు. మట్టితో, గులకరాళ్ళతో, తెగిన చోట కారుతున్న జిగురుతో అలాగే పెట్టాడు. బల్లంతా మట్టి అయింది. అంత వయసు వచ్చినా ఆయన అంతకుముందెన్నడూ ఒకరి ముందు మురికి వస్తువు పెట్టి ఎరగడు.

"అంచునున్నదే. ఈసారి కడగలేదు," అన్నాడు. "చూసింది చూసినట్టు చెప్పు."

చూడ్డానికి అద్దం అక్కర్లేదు. వేరు పొడుగునా, మట్టి రాలిన చోటల్లా, తెల్లటి గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. పైన మట్టలు పచ్చగా ఊగుతున్నన్నాళ్ళూ అవి కింద తింటూనే ఉన్నాయన్నమాట. అయినా ఆయన అడిగాడు కాబట్టి ప్లాసిడా కూర్చుంది. సూదితో ఒక పొలుసు లేపింది. కింద ఆడది, నారింజ రంగుది. ఇంకోటి లేపింది, ఇంకోటి లేపింది. మైక్రోస్కోపు కింద పెట్టి, చూడవలసినంతసేపూ చూసింది.

"అదే మామయ్యా," అంది. "చెట్టు నిలవదు."

ఆయన తలూపాడు. ఆమె చెప్పింది నమ్మాడు. పంపు నీళ్ళతో బల్ల కడిగిపెడతానంటూ లేవబోయాడు. ప్లాసిడా ముందే లేచి ఆయన చెయ్యందుకుంది. కడుక్కోలేదే, అని ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఆ చెయ్యి వంచి ముక్కుకి తాకించుకుని, అలాగే ఉండిపోయింది. ఆ చేతికి ఎర్రమట్టీ, మట్టిలో కలిసి కాస్త తెల్లటి పొడీ అంటుకుని ఉన్నాయి.